ప్లాస్టిక్ గొట్టం వెనుక ప్రవాహ శాస్త్రం

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నారు మన పెద్దలు. నీరు పల్లానికి ఎలా పోతుందో, ఎంత వేగంతో పోతుందో లెక్కగట్టడం ఇంటర్మీడియెట్‌లోనే మనకి వచ్చేస్తుంది. కానీ కరిగిన ప్లాస్టిక్కు ఎలా పారుతుంది? జిగురు తీగలా ఎందుకు సాగుతుంది? గంజిని కలియబెడితే పల్చబడి, వదిలేస్తే మళ్ళీ చిక్కబడుతుందేమిటి? ఇలా అడిగితే మాత్రం మనలో చాలామంది నోరు వెళ్ళబెడతాం. ఎందుచేతనంటే పాలిమర్ అన్న మాట మనకి పరీక్షలో వచ్చే పది మార్కుల ప్రశ్నగానే పరిచయం. నిర్వచనం రాశామా, నాలుగు ఉదాహరణలు ఇచ్చామా, అయిపోయింది.

నిజానికి మన బతుకంతా పాలిమర్ల మధ్యనే గడుస్తోంది. పొలంలో నీళ్ళ గొట్టాలు, ఎరువుల బస్తాలు, కళ్ళంలో టార్పాలిన్లు అవే. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్లో నైలాన్ వలలు, నీటిని చిలికే ఏరియేటర్ల కింద తేలే డొల్లలు అవే. ఇవన్నీ ఒకప్పుడు వేడి వేడి ముద్దగా ఏదో ఒక అచ్చులోంచో రంధ్రంలోంచో పారి వచ్చినవే. ఆ పారుదల సరిగా ఉంటే వస్తువు గట్టిగా ఉంటుంది, లేకపోతే రైతు చేతిలో విరుగుతుంది. ఈ పారుదలని కొలిచి లెక్కలోకి తెచ్చే శాస్త్రానికి రియాలజీ అని పేరు. ప్రవాహం అనే అర్థం ఉన్న గ్రీకు మాటలోంచి ఈ పేరు పుట్టింది. దాన్ని వాడుకలోకి తెచ్చినవాడు అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూజీన్ బింగ్‌హామ్. ఈ శాస్త్రానికంటూ 1929లో అమెరికాలో ఒక సంఘం కూడా ఏర్పడింది. మనం ప్రవాహ శాస్త్రం అనుకుందాం.

న్యూటన్ చెప్పిన మాట

పేక దస్తాని బల్ల మీద పెట్టి, పై ముక్కని చేత్తో పక్కకి నెట్టండి. ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి జరుగుతాయి. పైముక్క ఎక్కువ, అడుగుముక్క తక్కువ. ద్రవం పారడం అంటే ఇదే. పొరలు ఒకదానిపై ఒకటి జరగడం. పొరకీ పొరకీ మధ్య వేగంలో ఎంత తేడా ఉందో చెప్పేదాన్ని జరుగుడు రేటు అందాం. అలా జరపడానికి చదరపు మీటరుకి ఎంత బలం కావాలో అది జరుగుడు ఒత్తిడి. ఒత్తిడిని రేటుతో భాగిస్తే వచ్చేదే స్నిగ్ధత, అంటే చిక్కదనం.

ఒత్తిడి రెట్టింపు చేస్తే రేటు కూడా రెట్టింపవుతుందనీ, అంచేత స్నిగ్ధత మారదనీ అనుకోవడానికి పునాది 1687లో న్యూటన్ తన గ్రంథంలో వేశాడు. నీరు, కిరసనాయిలు, ఆముదం ఈ మాట చక్కగా వింటాయి. 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత పాస్కల్-సెకండులో వెయ్యోవంతు. ఆముదానిది దాదాపు ఒక పాస్కల్-సెకండు, అంటే నీటికి వెయ్యి రెట్లు. గొట్టాలు చేసే పాలిథిలీన్‌ని కరిగించి మెల్లగా కదిలిస్తే పదివేల పాస్కల్-సెకండ్లకి పైమాటే. నీటికి కోటి రెట్లన్నమాట!

చిక్కదనం ఒక్కటే అయితే పేచీ లేదు. పెద్ద మోటారు పెట్టి తోసేయవచ్చు. అసలు పేచీ ఏమిటంటే పాలిమర్ న్యూటన్ మాట వినదు. మెల్లగా తోస్తే మొండికేస్తుంది, గట్టిగా తోస్తే లొంగుతుంది. మన ఇంట్లో అన్నం వార్చిన గంజే దీనికి సాక్షి. గంజిలో ఉన్న పిండిపదార్థం కూడా పాలిమరే, గ్లూకోజు అణువులు వేలకొద్దీ గుచ్చిన దండ. చిక్కటి గంజిని గరిటెతో జోరుగా తిప్పితే గరిట తేలిగ్గా తిరుగుతుంది, ఆపితే మళ్ళీ బరువెక్కుతుంది. జోరు పెరిగినకొద్దీ చిక్కదనం తగ్గడం అనే ఈ గుణమే లేకపోతే ప్లాస్టిక్ ఫ్యాక్టరీలు ఇంత కరెంటుతో నడిచేవి కావు.

గడ్డిమేటు న్యాయం

ఎందుకలా జరుగుతుంది? వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడికి దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. గడ్డిమేటులోంచి గడ్డి దూసిన ప్రతివాడికీ తెలుసు, పరకలు ఎంత పొడుగుంటే అంత చిక్కుపడి ఉంటాయి. ఒక పరకని లాగితే పది వెంట వస్తాయి. అదే కోతమిషను ముక్కలు ముక్కలుగా వదిలిన గడ్డి అయితే చేతిలోంచి జారిపోతుంది, మేటు కూడా నిలవదు.

పాలిమర్ అణువులు పొడుగాటి గొలుసులని 1920లో జర్మనీకి చెందిన హెర్మన్ స్టాడింగర్ చెప్పినప్పుడు తోటి రసాయన శాస్త్రజ్ఞులే నమ్మలేదు. చిన్న అణువులే ఎలాగో ముద్దకట్టి ఉంటాయని వాదించారు. చివరికి ఆయనకి 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పొడుగెంతో ఒక లెక్క వేసి చూద్దాం. అణుభారం 1,40,000 ఉన్న పాలిథిలీన్ గొలుసులో 10,000 కార్బన్ పరమాణువులు వరసగా ఉంటాయి. దాని మందాన్ని మూడు మిల్లీమీటర్ల గడ్డిపరక మందానికి పెంచి ఊహించుకుంటే, దాని పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. అంతంత పరకలు కోట్లకొద్దీ చుట్టలు చుట్టుకుని ఒకదానిలో ఒకటి దూరి ఉన్న మేటుని తలచుకోండి. అదే కరిగిన ప్లాస్టిక్కు.

మెల్లగా కదిలిస్తే ఈ చిక్కులు అలాగే ఉంటాయి, అందుకే అంత చిక్కదనం. జోరుగా కదిలిస్తే గొలుసులు ప్రవాహం వెంట సాగి వరసలోకి వస్తాయి, పాత చిక్కులు విడినంత వేగంగా కొత్తవి పడవు, అందుకే పల్చబడుతుంది. ఇంకో విశేషం చూడండి. గొలుసు పొడుగు ఒక హద్దు దాటాక, కదలని స్థితికి దగ్గర్లో కొలిచిన స్నిగ్ధత అణుభారం యొక్క 3.4వ ఘాతానికి అనుపాతంలో పెరుగుతుందని ఎన్నో పాలిమర్ల మీద చేసిన కొలతల్లో తేలింది. గొలుసు పొడుగు రెట్టింపయితే చిక్కదనం రెట్టింపు కాదు, పదిన్నర రెట్లు! మరో వైపునుంచి చూస్తే, గొలుసులు సగానికి తెగిపోతే చిక్కదనం పదో వంతుకి పడిపోతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దీనితో పనుంది.

గొట్టం మీద పేరు లేదు

ఇంత లెక్క నాకెందుకు పట్టిందో చెబుతాను. మాది తాడేపల్లిగూడెం పైన మెట్ట. ఏలూరు కాలువ దిగువకి వెళితే నీళ్ళకి కొదవలేదు గానీ, మా వైపు బోరు మీదే బతుకు. బోరు దగ్గరనుంచి ఆయిల్ పామ్ తోటకి నీళ్ళు పారడానికి మా నాన్నగారు ఒక ఏడాది నల్లగొట్టం చుట్టలు కొన్నారు. ధర కాస్త తక్కువకి వచ్చింది. రెండో వేసవికి, సరిగ్గా తోటకి నీళ్ళు ఎక్కువ కావలసిన రోజుల్లో, గొట్టం నిలువునా నాలుగైదు చోట్ల చీలింది. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టారు, తీగ బిగించారు, ఆగలేదు. అమ్మిన కొట్టుకి వెళితే "ప్లాస్టిక్ కదండీ, ఎండకి అంతేనండీ" అన్నారట.

ఇంటికొచ్చి మా నాన్నగారు నన్నడిగిన మాట ఇది: "పురుగుమందు సీసా మీద పేరుంటుంది, ఎరువు బస్తా మీద లెక్కుంటుంది. ఈ గొట్టం మీద ఏమీ లేదేంట్రా? నువ్వు చదివే చదువులో దీని మంచీ చెడ్డా తెలుసుకునే లెక్క ఏదైనా ఉందా?"

ఉంది. ఆ లెక్క పేరే ప్రవాహ శాస్త్రం.

కొలిచే పద్ధతులు

అన్నిటికంటే చవకైనది మన కెమిస్ట్రీ ల్యాబులోనే ఉంది. ఆస్ట్వాల్డ్ విస్కోమీటరు. రెండు గీతల మధ్య ద్రవం దిగడానికి పట్టే సమయాన్ని స్టాప్‌వాచితో చూసి రికార్డు నింపేసి వస్తాం. కానీ అదే గాజుగొట్టంతో పాలిమర్ అణుభారం తెలుసుకోవచ్చని ఎంతమందిమి గమనించాం? పాలిమర్‌ని తగిన ద్రావణిలో బాగా పల్చగా కరిగించి, నాలుగైదు గాఢతల దగ్గర సమయాలు తీసి, గ్రాఫు గీసి గాఢత సున్నా దాకా పొడిగిస్తే ఒక సంఖ్య వస్తుంది. దాన్ని స్వాభావిక స్నిగ్ధత అంటారు. మార్క్, హౌవింక్ అనే శాస్త్రజ్ఞుల పేరున ఉన్న సమీకరణంలో ఆ సంఖ్య వేస్తే సగటు అణుభారం బయటపడుతుంది. కంటికి కనపడని గొలుసు పొడుగుని స్టాప్‌వాచి చెబుతుందన్నమాట.

రెండోది ఫ్యాక్టరీల్లో రోజూ వాడేది. మెల్ట్ ఫ్లో ఇండెక్స్ యంత్రం. జంతికల గొట్టం చూడని తెలుగువాడు ఉండడు గనుక దీన్ని వర్ణించడం తేలిక. 9.55 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఉక్కు గొట్టం, అడుగున 8 మిల్లీమీటర్ల పొడవు, 2.095 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రంధ్రం. పాలిథిలీన్ గింజల్నిగానీ, కోసిన ముక్కల్నిగానీ లోపల వేసి 190 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరగనిచ్చి, పైన కడ్డీ మీద 2.16 కిలోల బరువు పెడతారు. గొట్టాలకి వాడే చిక్కటి రకానికైతే 5 కిలోలు పెడతారు. పది నిమిషాల్లో ఎన్ని గ్రాముల జంతిక దిగిందో తూస్తారు. అదే ఇండెక్స్. ఎక్కువ దిగితే గొలుసులు పొట్టివి, తక్కువ దిగితే పొడుగువి.

ఈ సంఖ్యని స్నిగ్ధతలోకి మార్చడం మన బి.యస్సీ. లెక్కే. 2.16 కిలోల బరువు ఆ కడ్డీ మీద కలిగించే పీడనం సుమారు 2.96 లక్షల పాస్కళ్ళు. రంధ్రపు గోడ దగ్గర జరుగుడు ఒత్తిడి సుమారు 19,400 పాస్కళ్ళు. పది నిమిషాలకి ఒక్క గ్రాము దిగితే, కరిగిన పాలిథిలీన్ సాంద్రత 0.76 అనుకుంటే, గోడ దగ్గర జరుగుడు రేటు సెకండుకి 2.4 ప్రాంతం. భాగిస్తే స్నిగ్ధత దాదాపు 8,000 పాస్కల్-సెకండ్లు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఫ్యాక్టరీలో గొట్టం తీసే యంత్రంలో జరుగుడు రేటు సెకండుకి పదుల్లో, వందల్లో ఉంటుంది. అచ్చుల్లోకి చిమ్మే యంత్రంలో వేలల్లో ఉంటుంది. మన ఇండెక్స్ చూసింది 2.4 దగ్గర మాత్రమే. మనిషిని కూర్చోబెట్టి చూసి ఎంత వేగంగా పరిగెత్తగలడో చెప్పినట్టుంటుంది. రెండు ప్లాస్టిక్కులకి ఇండెక్స్ ఒకటే వచ్చినా యంత్రంలో వేరువేరుగా ప్రవర్తించవచ్చు. అందుచేత రెండు మూడు బరువులతో కొలిచి, వాటి నిష్పత్తి చూస్తారు. నిష్పత్తి పెద్దదయితే పొడుగూ పొట్టీ గొలుసులు బాగా కలగాపులగంగా ఉన్నాయని ఒక ఆచూకీ.

మూడోది రొటేషనల్ రియోమీటరు. అడుగున చదును పలక, పైన చాలా తక్కువ వాలు ఉన్న శంకువు, మధ్యలో పదార్థం. శంకువు తిరిగితే అంచు దగ్గర వేగం ఎక్కువ, కానీ అక్కడ సందు కూడా ఎక్కువే. రెండూ సరిపోయి, అన్నిచోట్లా జరుగుడు రేటు ఒకటే అవుతుంది. వాలు ఒక డిగ్రీ ఉండి, సెకండుకి ఒక చుట్టు తిరిగితే రేటు సరిగ్గా 360. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! తిప్పడమే కాకుండా ముందుకీ వెనక్కీ ఊపుతూ కూడా కొలవవచ్చు. అలా ఊపడం ఎందుకో తెలియాలంటే పాలిమర్ల రెండో గుణం చెప్పుకోవాలి.

ద్రవమా, ఘనమా?

కోడిగుడ్డు తెల్లసొనని కడ్డీతో గిరగిరా తిప్పితే అది కడ్డీ వెంట పైకి పాకుతుంది. నీళ్ళయితే మధ్యలో గుంటపడతాయి. దీన్ని విపులంగా వివరించిన వైసెన్‌బర్గ్ పేరుతోనే ఈ చిత్రాన్ని పిలుస్తారు. సాగిన గొలుసులు బిగించిన రబ్బరు పట్టీల్లా కడ్డీ చుట్టూ చుట్టుకుని ద్రవాన్ని లోపలికి, పైకి నొక్కుతాయి. అలాగే కరిగిన ప్లాస్టిక్కు రంధ్రంలోంచి బయటికి రాగానే రంధ్రం కంటే లావుగా ఉబ్బుతుంది. ఇరుకులో సాగి ఉన్న గొలుసులు బయటపడగానే మళ్ళీ చుట్ట చుట్టుకోవడమే కారణం. అచ్చు తయారుచేసేవాడు ఈ ఉబ్బు ముందే లెక్కలో వేసుకోకపోతే గొట్టం కొలత తప్పుతుంది.

అంటే పాలిమర్ పారుతుంది గనుక ద్రవం, వెనక్కి లాగుతుంది గనుక రబ్బరులాంటి ఘనం. ఏది ఎప్పుడు అంటే జవాబు మన గడియారంలో ఉంది. 1867లోనే మాక్స్‌వెల్ దీనికి దారి చూపించాడు. ఒక స్ప్రింగునీ, నూనె నింపిన పిచికారీ లాంటి పరికరాన్నీ ఒకదాని తర్వాత ఒకటి తగిలించినట్టు ఊహించండి. ఠక్కున లాగితే స్ప్రింగు సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. మెల్లగా లాగుతూ ఉంటే పిచికారీ జారుతుంది, ఇక వెనక్కి రాదు. స్నిగ్ధతని స్ప్రింగు గట్టితనంతో భాగిస్తే ఒక కాలం వస్తుంది. దాన్ని సడలింపు కాలం అందాం. అంతకంటే త్వరగా లాగితే ఘనం, నెమ్మదిగా లాగితే ద్రవం. సడలింపు కాలాన్ని మనం గమనించే కాలంతో భాగిస్తే వచ్చే సంఖ్యకి డెబోరా సంఖ్య అని 1964లో మార్కస్ రైనర్ పేరు పెట్టాడు. దేవుని ఎదుట కొండలు కూడా పారాయని బైబిల్లో పాడిన డెబోరా ప్రవక్త్రి పేరది. మనిషి ఆయుష్షులో కొండ కదలదు, దేవుడి గడియారంలో కదులుతుంది అని ఆయన చమత్కారం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్శిటీలో 1927లో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు తారులాంటి పదార్థాన్ని గరాటులో పోసి ఉంచాడు. సుత్తితో కొడితే గాజులా పగిలే పదార్థం. 1930లో గరాటు మూతి కోశారు. 2014 దాకా దానిలోంచి పడినవి 9 చుక్కలు మాత్రమే. తారు పాలిమర్ కాకపోయినా, "గట్టిది" అన్న మాట ఎంత తొందరపాటో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

లెక్కలోకి తేవడం

కొలతలు చేతికొచ్చాక వాటిని సమీకరణంలో బిగించడాన్ని మోడలింగ్ అంటారు. అన్నిటికంటే సులువైనది ఘాత నియమం. ఒత్తిడి సమానం ఒక స్థిరాంకం ఇంటూ జరుగుడు రేటు యొక్క ఏదో ఒక ఘాతం. ఆ ఘాతం 1 అయితే న్యూటన్ ద్రవం, 1 కంటే తక్కువైతే జోరుకి పల్చబడే ద్రవం. ఉదాహరణకి స్థిరాంకం 10,000, ఘాతం 0.5 అనుకుందాం. రేటు 1 దగ్గర స్నిగ్ధత 10,000. రేటు 100 అయితే 1,000. రేటు 10,000 అయితే 100 మాత్రమే. లాగరిథమ్ గ్రాఫు కాగితం మీద గీస్తే చక్కటి సరళరేఖ వస్తుంది. ఇంకో సరదా సంగతి. మన ల్యాబు విస్కోమీటరు పేరు 1909 నోబెల్ గ్రహీత విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్‌ది. ఈ ఘాత నియమానికి ఉన్న ఆస్ట్వాల్డ్ పేరు ఆయన కొడుకు వుల్ఫ్‌గాంగ్‌ది. తండ్రి పరికరంతో కొలిచి కొడుకు సూత్రంలో వేయవచ్చు!

ఐతే ఈ నియమం మరీ మెల్లటి ప్రవాహం దగ్గర అబద్ధమాడుతుంది. రేటు సున్నా దగ్గర స్నిగ్ధత అనంతం అంటుంది, నిజానికి అది ఒక చోట ఆగుతుంది. అందుకే కారో వంటివారు మెల్లటి కొసన చదునుగానూ, జోరు కొసన వాలుగానూ ఉండే సమీకరణాలు ఇచ్చారు. వేడి పెరిగితే స్నిగ్ధత ఎంత తగ్గుతుందో చెప్పడానికి మనం రసాయన చర్యల వేగానికి వాడే అర్హీనియస్ సమీకరణమే చాలావరకు పనికొస్తుంది.

ఇవన్నీ కొలతలకి అతికించిన గీతలు. మరి గొలుసు లోపల ఏం జరుగుతోంది? 1971లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డిజెన్ ఒక అద్భుతమైన ఊహ చేశాడు. చుట్టూ ఉన్న గొలుసులు అడ్డం గనుక ఒక గొలుసు పక్కకి కదలలేదు. కానీ తన పొడుగు వెంట ముందుకీ వెనక్కీ పాకగలదు, గడ్డిమేటులో దూరిన పాములాగ! పాత దారిలోంచి పూర్తిగా బయటికి పాకేవరకూ అది పాత ఆకారాన్ని మరచిపోదు. ఎంత పొడుగు పాము అయితే అంత ఎక్కువ సేపు. ఈ ఊహమీద 1978లో డోయి, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు పూర్తి సిద్ధాంతం కట్టారు. అది చెప్పిన ఘాతం 3, కొలతల్లో వచ్చింది 3.4. పాము తల, తోక నిలకడగా ఉండక ఆడుతూ ఉండటాన్ని కూడా కలిపాక ఆ తేడా చాలావరకు తీరింది. డిజెన్‌కి 1991లో నోబెల్ బహుమతి వచ్చింది.

మళ్ళీ గొట్టం దగ్గరికి

ఇప్పుడు చీలిన గొట్టం సంగతి చూద్దాం. బయటి వ్యాసం 63 మిల్లీమీటర్లు, గోడ మందం 3.8 మిల్లీమీటర్లు ఉన్న గొట్టంలో నీటి పీడనం 0.6 మెగాపాస్కల్, అంటే చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు 6 కిలోలు అనుకోండి. గోడని చుట్టూతా లాగే ఒత్తిడి 4.7 మెగాపాస్కళ్ళు, నీటి పీడనానికి దాదాపు ఎనిమిది రెట్లు. గొట్టాలు అడ్డంగా విరగకుండా నిలువునా ఎందుకు చీలతాయో ఇందులోనే ఉంది, చుట్టూతా లాగే బలం పొడుగు వెంట లాగేదానికి రెట్టింపు. పాలిథిలీన్ మీద పి.ఇ. 80, పి.ఇ. 100 అని రాసే గుర్తులకి అర్థం 20 డిగ్రీల దగ్గర 50 ఏళ్ళపాటు వరసగా 8 లేక 10 మెగాపాస్కళ్ళ ఒత్తిడి ఓర్చుకోగలదని. మన మే నెల ఎండలో నల్లగొట్టం 20 డిగ్రీల దగ్గర ఉండదని వేరే చెప్పాలా? వేడెక్కినకొద్దీ ఆ ఓర్పు తగ్గుతుంది.

ఈ 50 ఏళ్ళ లెక్క కూడా ప్రవాహ శాస్త్రమే. గట్టిగా కనిపించే గొట్టం గోడ కూడా బరువు కింద మెల్లమెల్లగా సాగుతూ ఉంటుంది. లోపల స్ఫటికాల మధ్య వంతెనల్లా ఉన్న పొడుగాటి గొలుసులే దాన్ని ఆపి ఉంచుతాయి. ఏ చిన్న గీత దగ్గరో అవి ఒక్కొక్కటే జారి ఊడివస్తే పగులు మెల్లగా పాకుతుంది. గొలుసులు పొడుగైతే ఏళ్ళు పడుతుంది. పొట్టివైతే రెండు వేసవులు చాలు.

గొలుసులు పొట్టివి ఎలా అవుతాయి? ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటిని తెంపుతాయి. అందుకే మంచి గొట్టంలో రెండు నుంచి మూడు శాతం కార్బన్ నలుపు సమంగా కలపాలని ప్రమాణం. నలుపు రంగు అందానికి కాదు, గొడుగు కోసం. ఇక ఊరూరా ఏరిన పాత ప్లాస్టిక్కుని మళ్ళీ కరిగిస్తే దానిలో సంచుల రకం, డబ్బాల రకం, గొట్టాల రకం అన్నీ కలిసిపోతాయి. ప్రతి కరిగింపులో వేడికీ, గాలికీ గొలుసులు దెబ్బతింటాయి. పాలీప్రొపిలీన్ గొలుసులు ముఖ్యంగా తెగి పల్చబడతాయి. పాలిథిలీన్‌లో కొన్ని తెగుతాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోతాయి గూడా. అందుచేత ఇండెక్స్ పెరగడమే కాదు, తయారీదారు ప్రకటించిన విలువ నుంచి ఎటువైపు బాగా తప్పినా అనుమానించాలి. పాత ప్లాస్టిక్కు మళ్ళీ వాడటం తప్పని నేననడం లేదు. కుండీకి, కుర్చీకి వాడుకోవచ్చు, వాడాలి కూడా. పీడనం మోసే గొట్టంలో చెప్పకుండా కలపడమే తప్పు.

మన దేశంలో దీనికి ప్రమాణాలు లేకపోలేదు. నీటి సరఫరా పాలిథిలీన్ గొట్టాలకి ఐ.ఎస్. 4984, తుంపర సేద్యం గొట్టాలకి ఐ.ఎస్. 14151, బిందు సేద్యం పక్క గొట్టాలకి ఐ.ఎస్. 12786 ఉన్నాయి. ప్రమాణం పాటించిన గొట్టం మీద తయారీదారు పేరు, రకం, వ్యాసం, పీడన తరగతి, ఐ.ఎస్.ఐ. గుర్తు వరసగా అచ్చయి ఉంటాయి. అవేమీ లేని గొట్టం పేరు లేని మందుసీసా వంటిదే.

రైతు ఇంటి దగ్గర చేసుకోదగ్గ పరీక్ష కూడా ఒకటుంది. పాలిథిలీన్ సాంద్రత నీటికంటే తక్కువ. గొట్టం నుంచి చిన్న ముక్క కోసి, గాలి బుడగలు అంటకుండా తుడిచి బకెట్టు నీళ్ళలో వేయండి. తేలాలి. మునిగితే సుద్దపొడి లాంటిదేదో బరువుకి కలిపారన్నమాట. ఐతే తేలినంతమాత్రాన మంచిదని పూచీ లేదు, ఎందుకంటే తెగిన గొలుసులు కూడా తేలతాయి. ఆ సంగతి చెప్పేది ప్రవాహ పరీక్షే. పి.వి.సి. గొట్టానికి మాత్రం ఈ బకెట్టు పరీక్ష వర్తించదు, అది సహజంగానే మునుగుతుంది.

మనం చేయగలిగింది

1968లో మద్రాసులో మొదలైన సీపెట్ అనే కేంద్ర ప్లాస్టిక్ సంస్థకి ఇప్పుడు విజయవాడ దగ్గర కూడా శాఖ ఉంది. మా తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ నడుస్తోంది. పరికరాలు, చదువుకున్నవాళ్ళు మనకి దూరంగా ఏమీ లేరు. దూరమల్లా గొట్టం కొనే రైతుకీ, ఆ కొలతకీ మధ్యనే ఉంది.

అందుచేత మన యూనియన్‌కి నాదొక విన్నపం. వార్షికోత్సవానికి వేదికలు, తోరణాలు కడుతున్నాం, బాగానే ఉంది. వచ్చే సంవత్సరం ఒక మెల్ట్ ఫ్లో ఇండెక్స్ యంత్రం కోసం కాలేజీ వారిని గట్టిగా అడుగుదాం. ఒక వేడిచేసే గొట్టం, ఒక కడ్డీ, కొన్ని బరువులు, ఒక త్రాసు, ఒక గడియారం. అంతకుమించి అందులో మనకి అర్థంకానిది ఏమీ లేదు. చివరి సంవత్సరం విద్యార్థులు వారానికొక పూట కూర్చుంటే, పల్లెల నుంచి వచ్చే విద్యార్థులు తమ ఊళ్ళనుంచి తెచ్చిన గొట్టం ముక్కల్ని కొలవవచ్చు. మనం ఇచ్చే కాగితం కోర్టులో చెల్లకపోవచ్చు. ఒక్క సంఖ్యతో గొట్టం మంచిచెడ్డలు పూర్తిగా తేలవని కూడా పైన చెప్పాను. కానీ ప్రకటించిన విలువ ఇదీ, మాకు వచ్చింది ఇదీ అని పక్కపక్కన రాసి ఇస్తే, రైతు కొట్టు దగ్గర నిలబడి అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. "ఎండకి అంతేనండీ" అన్న జవాబు అప్పుడు సరిపోదు.

మనలో సగంమందికి పైగా పొలాల మీదనుంచి వచ్చినవాళ్ళమే. మన ఫీజులు ఆ గొట్టాల్లోంచి పారిన నీళ్ళతో పండిన పంట మీద కట్టినవే. ఆస్ట్వాల్డ్ విస్కోమీటరు ప్రయోగం రేపు మన వంతుకి వచ్చినప్పుడు, స్నేహితుడి రికార్డులోంచి రీడింగులు ఎత్తి రాసుకోకుండా, ఆ ద్రవం రెండు గీతల మధ్య దిగేదాకా కళ్ళప్పగించి చూద్దాం. మొదలుపెట్టడానికి అది చాలు.